కార్ కోసం మల్టీటూల్ కొంటున్నారా? ‘18 ఇన్ 1’ అనే నంబర్ కన్నా ముందు చూడాల్సినవి ఇవే

ఆన్‌లైన్‌లో మల్టీటూల్ అని వెతకండి. ‘14 ఇన్ 1’, ‘18 ఇన్ 1’, ‘24 ఇన్ 1’ అంటూ వందల లిస్టింగ్స్ వస్తాయి. ఫోన్ కెమెరాకి మెగాపిక్సెల్ నంబర్ ఎలాంటిదో మల్టీటూల్‌కి ఈ నంబర్ అలాంటిదే. బాక్స్ మీద పెద్దగా కనిపిస్తుంది, కానీ అసలు పని ఎలా చేస్తుందో చెప్పదు. 24 టూల్స్‌లో బాటిల్ ఓపెనర్, చేపల పొలుసు తీసే బ్లేడ్, స్కేలు కూడా లెక్కలోకి వస్తాయి. రోడ్డు పక్కన కార్ ఆగిపోయినప్పుడు ఇవేవీ పనికిరావు.

ఈ ఆర్టికల్‌లో బ్రాండ్ పేరుతో కాకుండా పనితో మొదలుపెడదాం. కార్‌కి రోడ్డు మీద ఏమేం అవుతాయి? వాటిలో అరచేతిలో పట్టే టూల్‌తో ఏవి చేయొచ్చు, ఏవి చేయలేం? ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడే టూల్, స్క్రూ బిగించే టూల్ ఒకటే అవ్వాలా? ఈ మూడు ప్రశ్నలకి జవాబు తెలిస్తే ఏ మోడల్ కొనాలో మీకే అర్థమవుతుంది.

మల్టీటూల్ ఐడియా పుట్టిందే మొరాయించిన కార్ దగ్గర

ఇప్పుడు మనం చూసే ప్లయర్స్ ఉన్న మల్టీటూల్‌కి పేరు తెచ్చింది అమెరికా ఇంజనీర్ టిమ్ లెదర్‌మన్. 1975లో ఆయన, భార్య కలిసి 300 డాలర్లకి ఒక పాత ఫియట్ 600 కార్ కొని యూరప్ తిరిగారు. కార్ మాటిమాటికీ మొరాయించేది, హోటల్ గదుల్లో నల్లాలు లీక్ అయ్యేవి. ఆయన జేబులో ఒక చిన్న స్కౌట్ కత్తి ఉండేది. ప్రతిసారీ లోటుగా అనిపించింది ఒక్కటే, ప్లయర్స్. మన మెకానిక్‌లు పకడ్ అంటారే, అదే. డిజైన్ చేసి, 1980లో పేటెంట్ తెచ్చుకుని, 1983లో కంపెనీ పెట్టారు.

ఈ కథలో మనకి కావాల్సిన పాయింట్ ఒకటుంది. ఆయన ‘ఎన్ని టూల్స్ పట్టించొచ్చు’ అని మొదలుపెట్టలేదు, ‘ఏ పని ఆగిపోయింది’ అని మొదలుపెట్టారు. కొనేటప్పుడు మనం కూడా అలాగే ఆలోచించాలి.

మన యూజ్ కేస్: మద్నూర్ దాటి బార్డర్ వైపు

ఏ గ్యాడ్జెట్‌కైనా ఒక యూజ్ కేస్ ఉంటేనే రివ్యూకి అర్థం ఉంటుంది. మనం 161వ జాతీయ రహదారి తీసుకుందాం. సంగారెడ్డి నుంచి జోగిపేట, పిట్లం మీదుగా నాందేడ్ వైపు వెళ్లే ఈ రోడ్డు తెలంగాణలో చివరగా దాటేది కామారెడ్డి జిల్లా మద్నూర్ మండలాన్ని. సలాబత్‌పూర్ దాటితే మహారాష్ట్ర, ఆ తర్వాత దెగ్లూర్. ఇటు బాన్సువాడ, అటు దెగ్లూర్, మధ్యలో పత్తి చేలు, జిన్నింగ్ మిల్లులు. సీజన్‌లో పత్తి ట్రాక్టర్లు, రాత్రయితే లారీలు.

ఇలాంటి రోడ్డుకి మూడు లక్షణాలు ఉంటాయి.

ఒకటి, నాలుగు వరుసల రోడ్లు చాలాచోట్ల ఊళ్లని పక్కన పెట్టి బైపాస్‌గా వెళ్తాయి. మెకానిక్, పంక్చర్ షాపులు మాత్రం పాత రోడ్డు మీద, ఊళ్లోనే ఉండిపోతాయి. కార్ ఆగిన చోటికీ షాపుకీ మధ్య దూరం పెరుగుతుంది.

రెండు, రోడ్డు మీద పడి ఉండే సామాను. లారీ తాడు ముక్కలు, టార్పాలిన్ పీసులు, గోనె సంచులు. ఇవి కింద చుట్టుకుంటే కోసి తీయడం తప్ప వేరే దారి లేదు.

మూడు, బార్డర్. ఫోన్‌కి మన వైపు టవర్ దొరకొచ్చు, మహారాష్ట్ర వైపు టవర్ దొరకొచ్చు. 112కి కాల్ చేస్తే అటు వైపు కంట్రోల్ రూమ్‌కి వెళ్లే అవకాశం కూడా ఉంది. అందుకే ముందుగా ఏ రాష్ట్రం, ఏ రోడ్డు, దగ్గర్లో కనిపించే కిలోమీటర్ రాయి నంబర్ ఎంత అన్నది చెప్పడం అలవాటు చేసుకోండి. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033, అంబులెన్స్ 108. ఈ మూడు నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు, ఏ టూల్ కన్నా ముందు ఇవి ఉండాలి.

ఏ పని అవుతుంది, ఏ పని అవ్వదు

మల్టీటూల్ బాగా చేసే పనులు:

ఫ్యూజ్ మార్చడం. ఛార్జింగ్ సాకెట్, హారన్, హెడ్‌లైట్ ఒక్కసారిగా పనిచేయడం ఆగితే ముందు చూడాల్సింది ఫ్యూజే. ఫ్యూజ్ బాక్స్‌లో చిన్న బ్లేడ్ ఫ్యూజ్‌లు దగ్గర దగ్గరగా ఉంటాయి, వేళ్లకి అందవు. సన్న మూతి ప్లయర్స్‌తో మెల్లగా లాగితే వచ్చేస్తాయి. రంగే రేటింగ్: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. కాలిపోయిన దాని స్థానంలో అదే రంగు పెట్టాలి. పెద్ద రేటింగ్ పెడితే ఫ్యూజ్ బదులు వైరింగ్ కాలుతుంది.

వేలాడుతున్న ప్లాస్టిక్. రాయి తగిలో, పెద్ద స్పీడ్ బ్రేకర్ తగిలో ఇంజిన్ కింది కవర్ ఊడి రోడ్డుకి రాసుకుంటూ ఉంటుంది. బంపర్ క్లిప్పులు కూడా అంతే. ఒక జిప్ టై వేసి ప్లయర్స్‌తో గట్టిగా లాగి, మిగిలిన కొస కత్తిరిస్తే షాపు దాకా వెళ్లిపోవచ్చు.

చుట్టుకున్న తాడు కోయడం. దీనికి రంపపు పళ్లున్న బ్లేడ్ కావాలి. నున్నటి బ్లేడ్ నైలాన్ తాడు మీద జారుతుంది.

హోస్ క్లిప్ బిగించడం. స్క్రూ టైప్ క్లిప్ వదులై కూలెంట్ కారుతుంటే ఫ్లాట్ స్క్రూ డ్రైవర్ చాలు. కానీ ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. వేడి మీద రేడియేటర్ మూత అస్సలు తీయొద్దు.

టైర్‌లో మేకు. ట్యూబ్‌లెస్ టైర్‌లో మేకు దిగితే వెంటనే పీకేయడం చాలామంది చేసే పని. మేకు ఉన్నంతసేపు గాలి మెల్లగా పోతుంది, పీకితే ఒక్కసారిగా పోతుంది. చేతిలో పంక్చర్ కిట్, గాలి కొట్టే ఇన్‌ఫ్లేటర్ రెడీగా ఉంటేనే ప్లయర్స్‌తో పీకండి. లేకపోతే ప్రెషర్ చూసుకుంటూ నెమ్మదిగా షాపుకి పోనివ్వండి, ప్రెషర్ బాగా పడిపోయి ఉంటే స్టెప్నీ వేసుకోండి.

ఇక చేయలేని పని, వీల్ నట్. ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. మామూలు కార్ వీల్ నట్ బిగింపు సుమారు 100 న్యూటన్ మీటర్లు. మల్టీటూల్ పొడవు 10 సెంటీమీటర్లు అనుకుంటే ఆ నట్ తిప్పడానికి కొసన 1,000 న్యూటన్ల బలం కావాలి. అంటే దాదాపు 100 కిలోల బరువు. అదే 30 సెంటీమీటర్ల వీల్ పానా అయితే సుమారు 34 కిలోలు చాలు, కాలు పెట్టి తొక్కినా వస్తుంది. టార్క్ అంటే బలం ఇంటూ దూరం, ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్నదే. ఏ స్టీల్ వాడినా, ఎంత ధర పెట్టినా 10 సెంటీమీటర్లు 30 అవ్వవు. కాబట్టి కార్‌తో వచ్చిన జాకీ, వీల్ పానా డిక్కీలోనే ఉండాలి. మల్టీటూల్ వాటికి ప్రత్యామ్నాయం కాదు.

బ్యాటరీ టెర్మినల్ మధ్యస్థం. చాలా కార్లలో అక్కడ ఉండేది 10 మి.మీ. నట్. బిగింపు 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి బలం సమస్య కాదు. కానీ ప్లయర్స్‌తో పట్టి తిప్పితే నట్ మూలలు అరిగిపోయి గుండ్రంగా తయారవుతుంది, తర్వాత ఏ పానా పట్టదు. తక్కువ ధరలో దొరికే 10 నంబర్ పానా ఒకటి పక్కన పడేయండి. టూల్‌కిట్‌లో అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చే ఐటెం అదే.

ప్రాణం మీదికి వచ్చే పని వేరు: బెల్ట్, అద్దం

2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లాలో పడిన కుండపోత వానకి హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ వెళ్లే 44వ జాతీయ రహదారి మీద కూడా రాకపోకలు ఆగిపోయాయి. పెద్ద హైవేకే ఆ గతి పడితే లోపలి రోడ్ల మీద వాగులు, లోలెవల్ కల్వర్టుల సంగతి చెప్పక్కర్లేదు. మొదటి రూల్ ఎప్పుడూ ఒక్కటే, పారే నీళ్లలోకి కార్ దింపొద్దు. ఒక అడుగు లోతు వేగంగా పారే నీళ్లు చిన్న కార్లని, రెండు అడుగులు చాలా ఎస్‌యూవీలని కూడా మోసుకుపోగలవని అమెరికా వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది.

అయినా జరగరానిది జరిగితే? కార్ నీళ్లలో పడగానే మొదటి నిమిషమే కీలకం. బెల్ట్ తీయడం, కిటికీ దించడం, పిల్లల్ని ముందు బయటికి పంపడం, మనం బయటపడడం. పవర్ విండో పనిచేస్తున్నంతసేపు బటన్ నొక్కడమే బెస్ట్ టూల్. బటన్ పనిచేయకపోతే, బెల్ట్ లాక్ అయిపోతే అప్పుడు కట్టర్, గ్లాస్ బ్రేకర్ కావాలి. తలుపు తెరవడానికి ప్రయత్నిస్తూ టైం పోగొట్టుకోవద్దు, బయటి నీళ్ల ఒత్తిడి దాన్ని తెరవనివ్వదు.

ఇక్కడే అద్దం గురించి తెలియాలి. కార్ అద్దాలు రెండు రకాలు.

టెంపర్డ్ గ్లాస్: పై పొర ఎప్పుడూ ఒత్తిడిలో, లోపలి పొర లాగుడులో ఉండేలా తయారవుతుంది. గట్టి మొన ఒక్క చోట పై పొరని చీలిస్తే మొత్తం అద్దం చిన్న చిన్న ముక్కలుగా రాలిపోతుంది. ఫోన్ కింద పడినప్పుడు ఫ్లాట్‌గా పడితే బతికిపోయి, మూల తగిలితే స్క్రీన్ పగలడం చూశారు కదా. ఇక్కడ కూడా మధ్యలో కొడితే అద్దం కాస్త వంగి దెబ్బని తట్టుకుంటుంది, మూలకి దగ్గరగా కొట్టాలి.

లామినేటెడ్ గ్లాస్: రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర. ముందు విండ్‌షీల్డ్ ఎప్పుడూ ఇదే. పగిలినా ఊడిరాదు. ఇప్పుడు కొన్ని ఖరీదైన కార్లలో బయటి సౌండ్ తగ్గించడానికి పక్క కిటికీలకి కూడా ఇదే వాడుతున్నారు.

2019లో అమెరికా ఆటోమొబైల్ అసోసియేషన్ ఆరు ఎస్కేప్ టూల్స్‌ని టెస్ట్ చేసింది. మూడు సుత్తి టైప్, మూడు స్ప్రింగ్ టైప్. టెంపర్డ్ అద్దాన్ని ఆరింటిలో నాలుగు పగలగొట్టాయి, స్ప్రింగ్ టైప్ మెరుగ్గా పనిచేసింది. లామినేటెడ్ అద్దం మీద ఆరూ ఫెయిల్. దీని అర్థం, టూల్ కొనే ముందు మన కార్ అద్దం ఏంటో చూసుకోవాలి. ప్రతి కిటికీ అద్దం కింది మూలలో చిన్న అక్షరాల ముద్ర ఉంటుంది, అందులో టెంపర్డ్ అనో లామినేటెడ్ అనో రాసి ఉంటుంది. కొన్ని కంపెనీలు సొంత బ్రాండ్ పేరు వేస్తాయి కాబట్టి అర్థం కాకపోతే ఓనర్స్ మాన్యువల్ చూడండి, లేదా సర్వీస్ సెంటర్‌లో అడగండి. కొన్ని కార్లలో ముందు కిటికీలు లామినేటెడ్, వెనకవి టెంపర్డ్ ఉండొచ్చు. అలాంటప్పుడు ఏ అద్దం మన దారి అనేది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఇంకో విషయం, అద్దానికి ఫిల్మ్ అంటించి ఉంటే టెంపర్డ్ అద్దం పగిలినా ముక్కలు ఫిల్మ్‌కి అతుక్కుని ఉంటాయి. చేతికి గుడ్డ చుట్టుకుని నెట్టాల్సి వస్తుంది.

సోషల్ మీడియాలో తిరిగే హెడ్‌రెస్ట్ వీడియో సంగతి? హెడ్‌రెస్ట్ రాడ్లు అద్దం పగలగొట్టడానికి చేసినవి కావు, కొసలు మొద్దుగా ఉంటాయి. కొన్ని కార్లలో సీటు నుంచి ఊడను కూడా ఊడవు. ఏదీ లేనప్పుడు ప్రయత్నించొచ్చు కానీ దాన్ని ప్లాన్‌గా పెట్టుకోవద్దు.

అందుకే మా సలహా సూటిగా చెప్తున్నాం: రెస్క్యూ టూల్ వేరుగా, ప్లయర్స్ మల్టీటూల్ వేరుగా ఉండాలి. మడిచిన మల్టీటూల్‌ని పౌచ్‌లోంచి తీసి, గోటితో కట్టర్ బయటికి లాగి, అటు తిప్పి అద్దం కొట్టే టైం ఆ క్షణంలో ఉండదు.

స్పెసిఫికేషన్ షీట్ ఎలా చదవాలి

ప్లయర్స్ ముందు. మూతి పూర్తిగా మూసి లైట్ ముందు పట్టుకోండి. కొసల మధ్యలోంచి వెలుతురు కనిపిస్తే ఫ్యూజ్ పట్టదు. రెండు హ్యాండిల్స్‌ని అటూ ఇటూ ఊపండి, మూతి లూజుగా కదిలితే వదిలేయండి. వైర్ కట్టర్ ఉందో లేదో చూడండి.

స్టీల్ పేరు. మంచి కంపెనీలు స్టీల్ గ్రేడ్ రాస్తాయి, ఉదాహరణకి 420హెచ్‌సీ, 154సీఎం. ‘హై క్వాలిటీ స్టెయిన్‌లెస్ స్టీల్’ అని మాత్రమే ఉంటే అది ప్రాసెసర్ పేరు చెప్పకుండా ‘ఫాస్ట్ చిప్’ అని రాసినట్టే.

లాక్. బ్లేడ్, స్క్రూ డ్రైవర్ తెరిచాక క్లిక్‌మని లాక్ అవ్వాలి. లాక్ లేని స్క్రూ డ్రైవర్ బలం పెట్టగానే మడుచుకుని వేళ్ల మీదికి వస్తుంది.

ఒక చేతి ఆపరేషన్. రెండో చేత్తో టార్చ్ పట్టుకునో, వేలాడే కవర్ ఎత్తి పట్టుకునో ఉంటారు. కనీసం బ్లేడ్ అయినా ఒక చేత్తో తెరుచుకోవాలి.

బిట్స్. కొన్ని బ్రాండ్లు తమ సొంత ఫ్లాట్ బిట్స్ వాడతాయి, అవి పోతే మళ్లీ ఆ కంపెనీవే కొనాలి. పావు అంగుళం షట్కోణ బిట్స్ అయితే ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతాయి. కార్ పనికి స్టార్ మూతి నంబర్ 2, ఒక ఫ్లాట్, ఒకటి రెండు టార్క్స్ సైజులు ఉంటే సరిపోతుంది.

గ్లాస్ బ్రేకర్ మొన. టంగ్‌స్టన్ కార్బైడ్ అని స్పష్టంగా ఉండాలి. అది అద్దం కన్నా చాలా గట్టిది. మామూలు స్టీల్ మొన మొద్దుబారిపోతుంది.

బరువు. 150 గ్రాముల లోపు తేలిక, 200 నుంచి 300 గ్రాములు దృఢమైన ఫుల్ సైజ్. జేబులో పెట్టుకోవాలంటే తేలిక, కార్‌లోనే ఉంటుందంటే బరువు గురించి ఆలోచించొద్దు.

కొన్ని మోడల్స్, వాటి లెక్క

లెదర్‌మన్ వేవ్ ప్లస్: 18 టూల్స్, 241 గ్రాములు, మడిస్తే 10 సెంటీమీటర్లు. ఒక చేత్తో తెరుచుకునే నున్నటి బ్లేడ్, పళ్ల బ్లేడ్ రెండూ ఉన్నాయి. పైన చెప్పిన చిన్న పనులన్నిటికీ ఇది సరిపోతుంది. కానీ సీట్ బెల్ట్ కట్టర్, గ్లాస్ బ్రేకర్ రెండూ లేవు. ధర ఐదంకెల్లో ఉంటుంది, 25 ఏళ్ల వారంటీ.

లెదర్‌మన్ స్కెలిటూల్: 7 టూల్స్, 142 గ్రాములు. సంఖ్య చూస్తే వేవ్ ప్లస్‌లో సగం కూడా లేదు. కానీ ప్లయర్స్, వైర్ కట్టర్, బ్లేడ్, బిట్ డ్రైవర్ ఉన్నాయి. కార్‌కి నిజంగా కావాల్సినవి ఇవే. నంబర్ వెనక పడొద్దని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

విక్టోరినాక్స్ రెస్క్యూ టూల్: 111 మి.మీ. పొడవు. బెల్ట్ కట్టర్, గ్లాస్ బ్రేకర్‌తో పాటు లామినేటెడ్ అద్దాన్ని కోసే రంపం కూడా ఉంది, హ్యాండిల్ చీకట్లో మెరుస్తుంది. ప్లయర్స్ లేవు. రంపంతో విండ్‌షీల్డ్ కోయడం నిమిషాల పని, అది బయటి నుంచి ఇంకొకరిని కాపాడేవాళ్లకి ఉపయోగం, నీళ్లలో మునుగుతున్న కార్‌లో కాదు.

రెస్క్‌మీ లాంటి కీచైన్ టూల్: స్ప్రింగ్ టైప్ గ్లాస్ బ్రేకర్, దాచిన బ్లేడ్‌తో బెల్ట్ కట్టర్. అంతే, ఇంకేం లేదు. రెస్క్యూ టూల్ అంటే ఇలాగే ఉండాలి. ఒక్క విషయం, ఇగ్నిషన్ తాళానికి తగిలిస్తే ప్రమాదంలో దాన్ని ఊడదీయాల్సి వస్తుంది, విడిగా తగిలించండి.

వెయ్యి రూపాయల లోపు పేరులేని ‘24 ఇన్ 1’: ప్లయర్స్ లైట్ టెస్ట్, లాక్ టెస్ట్ పాసైతే చిన్న పనులకి పర్లేదు. దాని మీద ఉన్న గ్లాస్ బ్రేకర్‌ని మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. బడ్జెట్ తక్కువైతే ఇంకో మంచి దారి ఉంది: తపారియా లాంటి మన బ్రాండ్ సన్న మూతి ప్లయర్స్, మార్చుకునే బిట్స్ ఉన్న స్క్రూ డ్రైవర్, 10 నంబర్ పానా, ఒక కీచైన్ రెస్క్యూ టూల్. నాలుగూ ఒక పౌచ్‌లో. జేబులో పట్టదు కానీ పనిలో ఖరీదైన మల్టీటూల్‌కి ఏమాత్రం తీసిపోదు.

ఎక్కడ పెట్టాలి

రెస్క్యూ టూల్‌కి ఒకే టెస్ట్. డ్రైవర్ సీట్లో కూర్చుని బెల్ట్ పెట్టుకోండి, కళ్లు మూసుకోండి, ఒక్క చేత్తో అందుకోండి. అందకపోతే చోటు మార్చండి. గ్లోవ్‌బాక్స్ మంచి చోటు కాదు. బెల్ట్ లాక్ అయితే చెయ్యి అంత దూరం పోదు, గుద్దుకున్నప్పుడు మూత ఇరుక్కుపోవచ్చు.

డాష్‌బోర్డ్ మీద డబుల్ టేప్‌తో అంటించడం కూడా వద్దు. 2018లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కొలిస్తే, ఎండలో గంటసేపు ఆపిన కార్ల డాష్‌బోర్డ్ సగటున 69 డిగ్రీలకి చేరింది. మన మే నెల ఎండలు అక్కడికేం తీసిపోవు. జిగురు కరిగి టూల్ కింద పడితే పెడల్ కిందికి దొర్లే ప్రమాదం ఉంది. డ్రైవర్ డోర్ పాకెట్‌లో క్లిప్‌తో, లేదా సీట్ల మధ్య కన్సోల్ దగ్గర వెల్క్రో పట్టీతో బిగించండి. వెనక సీట్లో కూర్చునేవాళ్లకి కూడా ఒకటి ఉంటే మంచిది, పిల్లల చేతికి అందకుండా. ఎల్‌ఈడీ లైట్, పవర్‌బ్యాంక్ కలిపి ఇచ్చే ఎమర్జెన్సీ టూల్స్‌ని మాత్రం ఎండలో ఆపిన కార్‌లో వదలొద్దు, లిథియం బ్యాటరీకి ఆ వేడి పడదు.

ప్లయర్స్ మల్టీటూల్ డిక్కీలో కాకుండా లోపలే పెట్టండి. లగేజీ అంతా రోడ్డు మీద దింపితే తప్ప అందని టూల్ ఉన్నా లేనట్టే.

వాడే ముందు

కార్ దిగి బానెట్ ఎత్తే ముందు హజార్డ్ లైట్లు, ట్రయాంగిల్. 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ సెకనుకి 22 మీటర్లు దాటుతుంది. ట్రయాంగిల్ 50 మీటర్ల వెనక పెడితే డ్రైవర్‌కి దొరికేది రెండు సెకన్ల పైచిలుకు. 100 మీటర్లు పెడితే నాలుగున్నర సెకన్లు. నడిచి వెళ్లి దూరంగా పెట్టండి, కానీ రోడ్డు మీద కాదు, పక్క నుంచి. మిగతావాళ్లంతా కార్ దిగి రోడ్డుకి దూరంగా నిలబడాలి. నిలబడడానికే చోటు లేని దగ్గర రిపేర్ మొదలుపెట్టొద్దు, 1033కి ఫోన్ చేయండి.

మల్టీటూల్ మొత్తం లోహమే, హ్యాండిల్‌కి ఇన్సులేషన్ ఉండదు. బ్యాటరీ దగ్గర అది ఒకేసారి ప్లస్ టెర్మినల్‌కీ బాడీకీ తగిలితే షార్ట్ అయి నిప్పురవ్వలు లేస్తాయి, టూల్ అక్కడే అతుక్కుపోవచ్చు. అందుకే తీసేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ చివర. ఉంగరం, కడియం తీసేయండి.

ఈవీ, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుల్స్ హై వోల్టేజ్‌వి. వాటి దగ్గరికి ఏ టూల్ పోకూడదు.

తరచూ అడిగే ప్రశ్నలు

కార్‌లో మల్టీటూల్ ఉంటే పోలీస్ కేసు అవుతుందా? ఆయుధాల నిబంధనలు పట్టించుకునేది 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న బ్లేడ్లని. మల్టీటూల్ బ్లేడ్ సాధారణంగా 3 అంగుళాల లోపే. బార్డర్ దగ్గర తనిఖీలో అడిగితే టూల్‌కిట్ పౌచ్‌తో సహా చూపించండి.

విమానంలో? క్యాబిన్ బ్యాగ్‌లో కుదరదు, చెక్ ఇన్ లగేజీలో పెట్టాలి. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లే ముందు జేబు ఒకసారి తడుముకోండి.

రిమోట్ కీ బ్యాటరీ అయిపోతే డోర్ తెరవడానికి పనికొస్తుందా? దానితో అవసరం లేదు. చాలా రిమోట్ కీలలో లోపల లోహపు తాళం దాగి ఉంటుంది, చిన్న బటన్ నొక్కి లాగితే వస్తుంది. లోపల ఇరుక్కున్నా కంగారొద్దు. 2019 జూలై 1 తర్వాత తయారైన కార్లలో సెంట్రల్ లాకింగ్‌కి చేత్తో తెరిచే ఏర్పాటు తప్పనిసరి. మీ కార్‌లో అది ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

గ్లాస్ బ్రేకర్ పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? పాత కార్ల స్క్రాప్ షాపులో డోర్ గ్లాస్, బెల్ట్ ముక్క దొరుకుతాయి. కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని అద్దం మీద గుడ్డ కప్పి ఒకసారి ప్రయత్నించండి. బెల్ట్‌ని బిగుతుగా లాగి పట్టుకుని ఏటవాలుగా కోయండి. వదులుగా ఉన్న బెల్ట్ కట్టర్‌లో మడతపడి ఇరుక్కుంటుంది.

ఫైనల్‌గా ఏం కొనాలి?

ఆర్డర్ ఇలా పెట్టుకోండి. మొదట ట్రయాంగిల్, వీల్ పానా, గాలి ఉన్న స్టెప్నీ. తర్వాత డ్రైవర్ చేతికి అందేచోట రెస్క్యూ టూల్. ఆ తర్వాత 10 నంబర్ పానా, నాలుగైదు స్పేర్ ఫ్యూజ్‌లు, పది జిప్ టైలు. చివర్లో, బడ్జెట్ మిగిలితే, లాక్ గట్టిగా పడే మంచి ప్లయర్స్ మల్టీటూల్.

కార్ట్‌లో ఏదైనా వేసే ముందు ఒకసారి కిందికి వెళ్లి మీ కార్ నాలుగు కిటికీల మూలల్లో ఏం రాసి ఉందో చదవండి. ఆ చిన్న ముద్ర చూశాక మీకు ఏ టూల్ కావాలో సగం తేలిపోతుంది.